తల్లి పొట్టను కరచుకొన్న పిల్ల: కోతిపిల్లల ఛాయాచిత్రాల కథ

తల్లి పొట్టను కరచుకొని వేలాడే కోతిపిల్ల చిత్రం చూడనివారు ఉండరు. పాఠ్యపుస్తకాలలోను, గోడ కేలెండర్లలోను, ఇప్పుడు చేతిలోని ఫోనులోను అది కనబడుతూనే ఉంటుంది. చూచేవారికి అందులో రెండు ప్రాణులే కనబడతాయి. చిత్రంలో పడనిది మరొకటి ఉన్నది. కెమెరా పట్టుకొన్న మనిషికీ ఆ పిల్లకూ మధ్య ఉన్న దూరమే అది. అడవికోతి మనిషిని చూచి పారిపోయే జంతువు. పిల్ల ఉన్న తల్లి మరీ జాగ్రత్తగా ఉంటుంది. మరి ఆ దూరం ఎట్లా తగ్గింది? తుపాకి పేల్చి తగ్గించారా? తిండి ఎరచూపి తగ్గించారా? లేక నెలల తరబడి ఓపికపట్టి తగ్గించారా? ఈ ప్రశ్నకు జవాబు తెలియనిదే ఆ ఛాయాచిత్రం శాస్త్రానికి సాక్ష్యంగా పనికిరాదు. ఇంత చిన్న సంగతి బోధపడడానికి శాస్త్రజ్ఞులకు చాలా కాలం పట్టింది. ఆ కథ చెప్పుకోదగినది.

ముందుగా ఇందులోని భౌతికశాస్త్రం కొంచెం చూడాలి. దూరపు వస్తువు విషయంలో, దాని పొడవును కటకపు నాభ్యంతరంతో గుణించి, దూరంతో భాగిస్తే, ఫిల్ముమీద ఏర్పడే ప్రతిబింబం పొడవు దాదాపుగా వస్తుంది. కోతిపిల్ల శరీరం పొడవు 20 సెంటీమీటర్లు అనుకొందాం. అది 30 మీటర్ల దూరాన చెట్టుకొమ్మమీద ఉన్నది. కెమెరాకు 50 మిల్లీమీటర్ల నాభ్యంతరం గల సాధారణ కటకం ఉన్నదనుకొంటే, ఫిల్ముమీద ఆ పిల్ల పొడవు ఒక మిల్లీమీటరులో మూడవ వంతు మాత్రమే. అది పిల్లో, ఎండుటాకో చెప్పడం కష్టం. 400 మిల్లీమీటర్ల కటకం పెడితే 2.7 మిల్లీమీటర్ల ప్రతిబింబం వస్తుంది. పెద్ద కటకం లేనివాడు అదే ప్రతిబింబం సంపాదించాలంటే ఎనిమిదింతలు దగ్గరకు, అంటే 3 మీటర్ల 75 సెంటీమీటర్లకు జరగాలి. దీనినిబట్టి ఛాయాగ్రాహకుడి ముందు రెండే దారులు ఉన్నట్లు తెలుస్తుంది. పొడవాటి కటకమైనా ఉండాలి, దగ్గరకైనా పోవాలి. పొడవాటి కటకం బరువు, ధర ఎక్కువ, చేతి వణుకును కూడా అది ఎనిమిదింతలు చేసి చూపిస్తుంది. పైగా దాని గుండా ఫిల్మును చేరే వెలుతురు సాధారణంగా తక్కువ కాబట్టి ఫిల్ముకు ఎక్కువసేపు వెలుతురు సోకనివ్వాలి. అంతసేపు కోతిపిల్ల కదలకుండా ఉంటుందా?

ఈ కారణం వల్లనే అడవి ప్రాణుల ఛాయాచిత్రాలు కదలని వస్తువుతో మొదలైనవి. ఇంగ్లండులో కియర్టన్ సోదరులు 1892లో తీసిన చిత్రం గుడ్లున్న పక్షిగూటిది. గూడు పారిపోదు. కోతులను మాత్రం ఆ కాలంలో బోనులోనే చూచి చిత్రించవలసి వచ్చేది. అడవి నుంచి పిల్లను తేవాలంటే తల్లిని కాల్చడమే వేటగాండ్రకు తెలిసిన పద్ధతి. చచ్చిన తల్లిని పిల్ల వదలదు కాబట్టి పట్టుకోవడం తేలిక. అట్లా వచ్చిన అనాథపిల్లను ఒడిలో పెట్టుకొని తీయించుకొన్న చిత్రాలు ప్రకృతిశాస్త్ర చిత్రాలుగా చెలామణి అయినవి.

బోనులో చూచినదాన్ని బట్టి అడవిని ఊహిస్తే ఏమవుతుందో లండన్ జంతుప్రదర్శనశాల చక్కగా నిరూపించింది. అక్కడ 1925లో ఒక కృత్రిమపు గుట్ట కట్టి, దానిమీద సుమారు నూరు హమద్ర్యాస్ బబూన్లను వదిలారు. వాటిలో దాదాపు అన్నీ మగవే. తరువాత మరికొన్ని ఆడవాటిని చేర్చారు. ఆడవాటికోసం జరిగిన పోట్లాటలలో మగవీ, ఆడవీ, పసిపిల్లలూ కూడా చచ్చిపోయినవి. సోలీ జుకర్మన్ 1932లో వెలువరించిన గ్రంథం చాలవరకు ఈ గుట్టమీది అనుభవం ఆధారంగా వ్రాసినదే. కోతుల సంఘజీవితం అంటే నిత్యకలహమనే అభిప్రాయం దానివల్ల బలపడింది. చోటు లేక, ఆడ మగ పాళ్లు తప్పి కొట్టుకొన్న కోతులను అడవికి ప్రతినిధులుగా తీసుకోవడం తప్పని తరువాత తేలింది.

ఆ గ్రంథం వెలువడడానికి ముందుసంవత్సరమే, అంటే 1931 డిసెంబరులో, క్లారెన్స్ రే కార్పెంటర్ అనే యువ అమెరికన్ మనస్తత్వశాస్త్రజ్ఞుడు పనామాలోని బారో కొలరాడో దీవికి చేరుకొన్నాడు. పనామా కాలువకోసం నదికి ఆనకట్ట కట్టినపుడు నీరు చుట్టుముట్టగా మిగిలిపోయిన కొండ అది. దానిమీది అడవిలో, తెల్లవారుజామున దీవి అంతా దద్దరిల్లేటట్లు అరిచే హౌలర్ కోతులు ఉండేవి. కార్పెంటర్ తుపాకి పట్టలేదు, వల పన్నలేదు, పళ్లు చల్లలేదు. బైనాక్యులర్లు, నోటుపుస్తకం, కెమెరా తీసుకొని వాటి వెంట నడిచాడు. పిల్లలను పరిమాణాన్నిబట్టి, వెంట్రుకల రంగునుబట్టి మూడు దశలుగా విభజించాడు. చెట్టుమీది నుంచి పిల్ల జారిపడినపుడు తల్లి చేసే విలాపధ్వనిని వేరుగా గుర్తించాడు. ఈ వివరాలతో 1934లో వెలువడిన ఆయన గ్రంథం అడవికోతుల సంఘజీవితాన్ని గురించిన తొలి సమగ్ర పరిశీలన అని చెప్పవచ్చు.

హౌలర్లను ఫోటో తీయడం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు. అవి ఉండేది చెట్ల తలలలో. ఫోటో తీసేవాడు కింది నుంచి పైకి చూడాలి. వెనుక ఆకాశం తెల్లగా మెరుస్తుంది; కోతి నల్లటిది; పిల్ల దాని పొట్టకింద నీడలో ఉంటుంది. ఆకాశానికి సరిపడే వెలుతురు ఇస్తే కోతి సిరాచుక్క అవుతుంది. కోతికి సరిపడే వెలుతురు ఇస్తే ఆకాశం కొమ్మలను మింగేస్తుంది. అందుచేత కార్పెంటర్ రచనలో కెమెరాకన్న కలానికే పని ఎక్కువ పడింది. అయినా ఆయన కెమెరాను వదలలేదు. కోతుల చలనచిత్రాలు తీయడం జీవితమంతా కొనసాగించాడు.

తుపాకి, కెమెరా ఒకే గుడారంలో ఉన్న సందర్భం కూడా ఒకటి ఉన్నది. 1937లో హెరాల్డ్ కూలిడ్జ్ నాయకత్వంలో ఒక అమెరికన్ శాస్త్రజ్ఞుల బృందం సయాం దేశపు ఉత్తరాన ఉన్న కొండలకు పోయింది. గిబ్బన్లు వారికి ముఖ్యలక్ష్యం. గిబ్బన్ తోకలేని వానరం. కచ్చితంగా చెప్పాలంటే కోతి కాదు. బృందంలో అడాల్ఫ్ షుల్ట్జ్ శరీరనిర్మాణ శాస్త్రజ్ఞుడు. గర్భస్థశిశువు మొదలు ముసలిదాని వరకు ఎముకలు ఎట్లా పెరుగుతాయో కొలవడం ఆయన పని. అందుకోసం రెండువందలకు పైగా గిబ్బన్లను కాల్చి సేకరించారు. అదే బృందంలో ఉన్న కార్పెంటర్ మరొక చెట్టుకింద కూర్చొని, బ్రతికి ఉన్న గిబ్బన్ల చలనచిత్రాలు తీస్తూ, వాటి కూతలను ధ్వనిముద్రణ చేస్తూ, తండ్రి తల్లి పిల్లలతో కూడిన చిన్న కుటుంబమే వాటి సంఘమని గుర్తించాడు. షుల్ట్జ్ కొలతలు ఈనాటికీ విలువైనవే. కాని పిల్ల ఎముక పొడవు చెప్పే కొలత, ఆ పిల్ల ఎవరి ఒడిలో నిద్రపోతుందో చెప్పదు.

సేకరించిన గిబ్బన్ల శరీరాలమీద పని చేయడానికి వచ్చిన విద్యార్థి ఒకడు ఆ బృందంలో ఉన్నాడు. పేరు షెర్వుడ్ వాష్‌బర్న్. ఎముకలతో మొదలుపెట్టిన ఈయన 1955లో ఆఫ్రికాలో విక్టోరియా జలపాతం దగ్గర బస చేసినపుడు, సమీపంలో తిరిగే బబూన్ల గుంపును గమనించడం మొదలుపెట్టి, బ్రతికి ఉన్న గుంపు ఎముకలకన్న ఎక్కువ చెబుతుందనే నిర్ణయానికి వచ్చాడు. ఆయన శిష్యులే తరువాత కెన్యాకూ, మన దేశానికీ వచ్చారు. వారి సంగతి ముందుకు పోయి చూద్దాం. ఈలోపల జపానులో మరొక దారి తెరుచుకొన్నది.

క్యూషూ తీరానికి దగ్గరగా కోషిమా అనే చిన్న దీవి ఉన్నది. అక్కడి కోతులను 1934లోనే ప్రభుత్వం సహజసంపదగా ప్రకటించి కాపాడుతున్నది. 1948 డిసెంబరులో క్యోటో విశ్వవిద్యాలయం నుంచి ఇమానిషి, తన విద్యార్థులు ఇతానీ, కవామురాలతో అక్కడికి వచ్చాడు. ఆకుల చాటున వాటి అరుపులు వినడం, మలం చూడడం, దూరాన ఒక తోక మాయమవడం తప్ప చాలా రోజులు మరేమీ దక్కలేదు. అప్పుడు వారు తిండి ఎరచూపే పద్ధతి పట్టారు. దీవిలో చిలగడదుంపలు, గోధుమలు పెట్టసాగారు. 1952లో కోతులు వాటిని తినడానికి బయటికి వచ్చినవి. అడవిలోని గుంపు ఇసుకతీరంమీద, ఎండలో, కెమెరాకు ఎదురుగా కూర్చున్నది! ఛాయాగ్రాహకుడికి ఇంతకన్న కావలసినదేమున్నది? ప్రతి కోతికీ పేరు పెట్టి, ముఖం గుర్తుపట్టి, ఎవరు ఎవరి పిల్లో వంశవృక్షాలు తయారుచేశారు. జంతువులకు పేర్లు పెట్టడం శాస్త్రీయం కాదని పాశ్చాత్యులు ఆక్షేపించారు. తరువాత వారే ఆ పద్ధతిని అనుసరించారు.

ఆ తరువాతి సంవత్సరం జరిగిన సంఘటన జీవశాస్త్ర పుస్తకాలన్నిటికీ ఎక్కింది. 1953 సెప్టెంబరులో ఏడాదిన్నర వయసు గల ఇమో అనే ఆడపిల్ల, ఇసుక అంటిన చిలగడదుంపను నీటిలో కడిగి తిన్నది. దాన్ని మొదట గమనించినది విశ్వవిద్యాలయపు ఆచార్యుడు కాదు. ఆ ఊరి పాఠశాలలో ఉపాధ్యాయినిగా పనిచేసే సత్సుయే మితో. ఉపాధ్యాయులకు ఇది ఎంతో సంతోషం కలిగించవలసిన విషయం. ఇమో నుంచి ఆ అలవాటు తోటిపిల్లలకు, తల్లికి ప్రాకింది. 1958 నాటికి 2 నుంచి 7 ఏండ్లలోపు కోతులు 19 ఉంటే 15 కడగడం నేర్చినవి. అంతకు పైబడిన 11 పెద్దవాటిలో రెండే నేర్చినవి. కొత్త విషయం నేర్వడంలో ముసలివాటికన్న పిల్లలే చురుకు అన్నమాట. అటుతరువాత పుట్టిన పిల్లల సంగతి ఇంకా ఆసక్తికరమైనది. కడిగే తల్లి పొట్టను కరచుకొని నీటి దాకా పోయి, ఆమె చేతి నుంచి జారిన ముక్కలను నీటిలోనుంచి ఏరుకొని తిన్న పిల్లకు, దుంప అంటేనే నీటిలో ఉండే వస్తువు. అది ప్రత్యేకంగా నేర్వవలసినదేమీ లేకపోయింది. మసావో కవాయ్ 1965లో ఈ వివరాలన్నీ ప్రకటించాడు.

తకసకియామా కొండ దగ్గర కూడా ఇదే పద్ధతిలో తిండి పెట్టి, 1953లో దాన్ని ఉద్యానవనంగా తెరిచారు. అక్కడ ఇతానీ మరొక వింత చూచాడు. తల్లులు కొత్తపిల్లలను ప్రసవించే ఋతువులో, ఏడాది నిండిన పాతపిల్లలను పెద్ద మగకోతులు కొన్ని ఎత్తుకొని తిరిగేవి, కాపాడేవి. మగకోతి ఒడిలో పిల్ల ఉన్న ఛాయాచిత్రం, లండన్ గుట్టమీద ఏర్పడిన అభిప్రాయానికి గట్టి జవాబు.

అయితే తిండి పెట్టి తగ్గించిన దూరానికి ఖరీదు లేకపోలేదు. తకసకియామాలో మొదట 220 ఉన్న కోతులు 1990 దశకంలో రెండువేలు దాటినవి. కోషిమాలో కూడా సంఖ్య బాగా పెరిగి, 1972లో తిండిని బాగా తగ్గించవలసి వచ్చింది. వెంటనే ప్రసవాలు తగ్గినవి. పసిపిల్లల మరణాలు పెరిగినవి. అంటే అంతవరకు చిత్రాలలో కనబడిన బొద్దుపిల్లలు దీవి పెంచిన పిల్లలు కావు, బుట్టలోని దుంపలు పెంచిన పిల్లలు. అవాజీ దీవి మొదలైన చోట్ల తిండి పెట్టిన గుంపులలో కాళ్లు చేతులు సరిగా ఏర్పడని పిల్లలు పుట్టడం కూడా కనిపించింది. పెట్టిన ఆహారంలోని పురుగుమందుల అవశేషాలను అనుమానించారు గాని కారణం రుజువు కాలేదు. ఆ పిల్లల ఛాయాచిత్రాలు చూచిన జపాను ప్రజలు కలవరపడ్డారు.

నగానో ప్రాంతపు జిగోకుదానిలో 1964లో మరొక కోతుల ఉద్యానవనం వెలసింది. మంచు కురిసే కాలంలో వేడినీటి గుంటలో కూర్చున్న కోతుల చిత్రం 1970 జనవరి 30 నాటి లైఫ్ పత్రిక ముఖచిత్రమై ప్రపంచమంతా తిరిగింది. ఆ చిత్రంలో కనబడే దృశ్యం నిజమే. కాని ఆ గుంట కోతులకోసం మనుషులు ఏర్పాటు చేసినది, ఆ గుంపును అక్కడ నిలిపి ఉంచేది ఉద్యానవనపు సిబ్బంది చల్లే గింజలు. ఈ రెండు ముక్కలు చిత్రం కింద వ్రాయకపోతే, మంచుకోతులన్నీ శీతకాలంలో స్నానం చేస్తాయని విద్యార్థి అనుకొంటాడు.

ఇక వాష్‌బర్న్ శిష్యుల సంగతి. ఇర్వెన్ డివోర్ 1959లో కెన్యాకు పోయి నైరోబీ పార్కులోను, అంబోసెలీలోను బబూన్లను పరిశీలించాడు. పార్కులోని బబూన్లు కార్లకు అలవాటుపడి ఉండేవి. కాబట్టి కారులో కూర్చొనే చిత్రాలు తీయవచ్చు. నల్లటి వెంట్రుకలతో పుట్టే బబూన్ పిల్ల గుంపులో ఎంత ఆకర్షణకు కేంద్రమవుతుందో, దాన్ని తాకడానికి మిగతావి ఎట్లా మూగుతాయో ఆయన చిత్రాలలో స్పష్టంగా తెలుస్తుంది. అదే కాలంలో అమెరికాలో హారీ హార్లో, పుట్టగానే తల్లి నుంచి వేరుచేసిన రీసస్ పిల్లలకు తీగతో చేసిన తల్లిని, గుడ్డ చుట్టిన తల్లిని ఇచ్చి ప్రయోగాలు చేశాడు. 1958లో ఆయన వాటిని ప్రకటించిన తరువాత, గుడ్డబొమ్మను కరచుకొన్న పిల్ల బొమ్మ ప్రతి మనస్తత్వశాస్త్ర పుస్తకానికీ ఎక్కింది. ఉపాధ్యాయ శిక్షణ పొందినవారందరికీ అది పరిచితమే. కోతిపిల్లలను గురించిన అత్యంత ప్రసిద్ధమైన చిత్రం, అడవి ముఖం ఎరుగని పిల్లది కావడం ఎంత విచిత్రం!

ప్రయోగశాలలకు, టీకామందుల తయారీకి రీసస్ కోతులు ఎక్కువగా మన దేశం నుంచే పోయేవి. 1950 దశకపు చివర ఏటా లక్షకు పైగా ఎగుమతి అయినవి. చార్లెస్ సౌత్‌విక్, అలీగఢ్ శాస్త్రజ్ఞులు బేగ్, సిద్దీఖీలతో కలిసి 1959, 1960 సంవత్సరాలలో ఉత్తరప్రదేశంలో కోతులను లెక్కించినపుడు, గుంపులలో తల్లులున్నవి, చంటిపిల్లలున్నవి; తల్లిని వదిలి ఆడుకొనే వయసు పిల్లలు మాత్రం ఉండవలసినన్ని లేవు. వలవాండ్రు ఏరి పట్టుకొనేది ఆ వయసువాటినే. తీసిన చిత్రంలో లేనిది కూడా సాక్ష్యమేనని ఈ లెక్క తెలియజేస్తుంది. మన ప్రభుత్వం ఈ ఎగుమతిని 1978లో నిషేధించింది.

వాష్‌బర్న్ శిష్యురాలు ఫిలిస్ జే 1958 నుంచి 1960 వరకు మన కొండముచ్చులను పరిశీలించింది. ఆమె ఎన్నుకొన్న స్థలాలలో ఒకటి లక్నో దగ్గరి కౌకోరీ గ్రామం. మరొకటి మన గోదావరి తీరానికి ఎగువన బస్తరు అడవులలోని ఓర్ఛా. ఊరి కొండముచ్చులు మనుషులకు అలవాటుపడినవి. హనుమంతుడి జాతి అని ఎవరూ వాటిని కొట్టరు. తిండి పెట్టకుండానే, రోజూ అదే గుంపు మధ్య మెల్లగా తిరుగుతూ, కొన్నాళ్లకు వాటి దృష్టిలో ఒక చెట్టులాగా అయిపోవడం ఆమె పద్ధతి. ఆ ఓపికకు ఫలితం దక్కింది.

కొండముచ్చు పిల్ల ముదురు గోధుమరంగులో, దాదాపు నల్లగా పుడుతుంది; తల్లిది బూడిదరంగు. కాబట్టి నలుపు తెలుపు ఫిల్ముమీద కూడా పిల్ల స్పష్టంగా విడిగా కనబడుతుంది. పుట్టి ఒళ్లు ఆరీ ఆరకముందే గుంపులోని ఇతర ఆడవి వచ్చి దాన్ని అందుకొంటాయి. ఒకదాని చేతి నుంచి మరొకదాని చేతికి పిల్ల మారుతూ ఉంటుంది. మన ఇండ్లలో పురిటిబిడ్డను పేరంటాండ్రు ఎత్తుకొన్నట్లే ఇది కూడా. రీసస్ తల్లి అట్లా సులభంగా పిల్లను ఇవ్వదు. మూడు నుంచి అయిదు నెలల మధ్య పిల్ల నల్లరంగు పోయి బూడిదరంగు వస్తుంది. అప్పటి నుంచి ఆడవాటికి దానిమీది మోజు కూడా తగ్గుతుంది. 1963లో జే ప్రకటించిన ఈ వివరాలవల్ల కొండముచ్చుల సంఘం ప్రశాంతమైనదనే అభిప్రాయం స్థిరపడింది. చిత్రాలు కూడా దాన్నే చెప్పినవి.

కాని ఆ సమయంలోనే ధార్వాడ దగ్గర యుకిమారు సుగియామా మరొకటి చూచాడు. 1962లో బయటి మగ కొండముచ్చులు ఒక గుంపుమీద పడి పాత మగదాన్ని తరిమినవి. వాటిలో ఒకటి గుంపుకు యజమాని అయి, చంటిపిల్లలను ఒక్కొక్కటిగా కరిచింది, పిల్లలు పోయినవి. 1969లో జోధ్‌పుర్‌లో మన దేశపు శాస్త్రజ్ఞుడు ఎస్. ఎం. మోనోత్ కూడా అటువంటిదే చూచాడు. మరి ఇన్ని వేల చిత్రాలలో ఇది ఎందుకు పడలేదు? ఒక గుంపులో యజమాని మారడం ఏండ్లకొకసారి జరుగుతుంది. పిల్లమీద దాడి క్షణాలలో ముగుస్తుంది. ఒడిలో పిల్లను నిమిరే దృశ్యం రోజూ గంటల తరబడి కెమెరా ముందు ఉంటుంది. కెమెరా అబద్ధం చెప్పలేదు. తరచుగా జరిగేదాన్నే అది చెప్పింది.

1971లో సారా హర్డీ ఈ ప్రశ్ననే పట్టుకొని అబూ కొండకు వచ్చింది. గుంపులు కిక్కిరిసి ఉండడంవల్ల వచ్చిన ఉన్మాదమే ఇదని అప్పటి ఊహ. అయిదేండ్లపాటు వస్తూపోతూ చూచిన తరువాత ఆమె వేరొక వివరణ ఇచ్చింది. అక్కడ మగ కొండముచ్చు ఒక గుంపుకు యజమానిగా ఉండేది సగటున రెండేండ్ల పైచిలుకు మాత్రమే. పాలిచ్చే తల్లి మళ్లీ గర్భం ధరించడానికి చాలాకాలం పడుతుంది. పిల్ల పోతే త్వరలోనే ఎదకు వస్తుంది. కాబట్టి ముందటి మగదాని పిల్లలను చంపిన మగదానికి, తన పిల్లలను కనేందుకు వ్యవధి దొరుకుతుంది. ముసలి ఆడ కొండముచ్చులు ప్రాణాలకు తెగించి పిల్లలను కాపాడడానికి అడ్డుపడడం కూడా ఆమె వర్ణించింది. 1977లో ఆమె గ్రంథం రాగానే పెద్ద వివాదం రేగింది. ఎదిరించినవారిలో ముఖ్యురాలు ఎవరు? వివాహానంతరం డాలినో అనే పేరుతో వ్రాస్తున్న ఫిలిస్ జేయే! తాను అంతకాలం చూచిన ప్రశాంతమైన గుంపు ఆమెకు కళ్లెదుట ఉన్నది. చివరకు నేపాలులోని రామ్‌నగర్ కొండముచ్చుల మలం నుంచి డి.ఎన్.ఏ. తీసి పరీక్షించిన జర్మన్ శాస్త్రజ్ఞులు, దాడి చేసిన మగవి ఆ పిల్లల తండ్రులు కావని 1999లో ప్రకటించారు. ఛాయాచిత్రం తేల్చలేనిదాన్ని రసాయనశాస్త్రం తేల్చింది. దీనివల్ల జే పరిశీలనలు తప్పయిపోలేదు. ఒడి మారే పిల్ల నిజం. కరవబడ్డ పిల్ల కూడా నిజం.

కంటికి నచ్చినప్పుడు, ఆసక్తి కలిగినప్పుడు చూచి వ్రాసుకోవడంలో ఉన్న ఈ లోపాన్ని జీన్ ఆల్ట్‌మన్ 1974లో ఒక వ్యాసంలో సవివరంగా చర్చించింది. ఆమె సూచించిన పరిష్కారం చాలా సులభం. గుంపులోని ఒక జంతువును ముందే ఎన్నుకోవాలి. గడియారం పెట్టుకొని, నిర్ణీతకాలంపాటు దాన్నే చూడాలి. అది గోక్కొన్నా, నిద్రపోయినా, పక్కన పెద్ద యుద్ధమే జరుగుతున్నా చూపు మరల్చరాదు. తరువాత మరొకదాని వంతు. ఈ పద్ధతిలోనే అంబోసెలీ బబూన్లను పరిశీలించి, తల్లీపిల్లలను గురించి 1980లో ఆమె గ్రంథం ప్రకటించింది. తిండి వెతుక్కోవడం, నడవడం, పిల్లను మోయడం ఈ మూడింటి మధ్య తల్లికి దినమంతా ఎట్లా గడిచిపోతుందో అందులో ఉన్నది. ఛాయాగ్రాహకులెవరూ ఫిల్ము ఖర్చుపెట్టని గంటలవి.

ఈ మధ్యకాలంలో తుపాకిని కెమెరా పూర్తిగా పక్కకు నెట్టిన సందర్భం కూడా మన దేశంలోనే వచ్చింది. అస్సాంలో తేయాకు ప్లాంటరు అయిన ఇ. పి. జీ 1953లో సంకోశ్ నది ప్రాంతంలో బంగారురంగు కొండముచ్చులను చలనచిత్రం తీశాడు. అయినా దానికి శాస్త్రీయనామం రావడానికి చర్మాలు, పుర్రెలు కావలసి వచ్చినవి. వాటిని సేకరించిన తరువాతే ఖజూరియా 1956లో జీ పేరు కలిపి దానికి నామకరణం చేశాడు. సుమారు అర్ధశతాబ్ది గడిచింది. అరుణాచల్‌లో కనుగొన్న కొత్తజాతి కోతికి 2005లో అనింద్య సిన్హా, ఆయన సహచరులు మకాకా మున్‌జాలా అని పేరు పెట్టినపుడు, ప్రమాణ నమూనాగా చూపినది చర్మం కాదు, ఒక మగకోతి ఛాయాచిత్రం. ఒక్క కోతి కూడా చావలేదు.

ఇంత దూరం వచ్చిన తరువాత కథ మళ్లీ మొదటికి వచ్చేటట్లున్నది. ఇప్పుడు ప్రతి చేతిలోను కెమెరా ఉన్నది; దాని కటకం మాత్రం పొట్టిది. కనుక పిల్ల పెద్దదిగా పడాలంటే దగ్గరకు పోవాలి. దగ్గరకు రప్పించడానికి అరటిపండు చూపాలి. శ్రీశైలం ఘాట్ రోడ్డుమీద కార్లు ఆపి ఇదే చేస్తున్నారు. పిల్లను మోసే తల్లి రోడ్డుమీదికి రావడం, మనుషుల జబ్బులు కోతులకు, కోతుల జబ్బులు మనుషులకు అంటడం దీని ఫలితాలు. విదేశాలలో అంతకన్న ఘోరమైనది కూడా జరిగింది. 2009 ప్రాంతాన ఇంట్లో చక్కిలిగింతలు పెడుతున్న స్లో లోరిస్ చలనచిత్రం ఇంటర్నెట్టులో వ్యాపించింది. మన దేవాంగపిల్లికి అది దగ్గరి చుట్టం. ఆ చిత్రం చూచినవారు వ్రాసిన మాటలను పరిశోధకులు విశ్లేషించి 2013లో ప్రకటించగా, అటువంటిది తమకూ కావాలని కోరినవారు చాలామంది ఉన్నట్లు తేలింది. చేతులెత్తడం ఆ జంతువు ఆత్మరక్షణకు చేసే పని అని వారికి తెలియదు. ఇండొనేషియాలో కోతిపిల్లలను హింసిస్తూ చిత్రాలు తీయించి, డబ్బిచ్చి చూచే ముఠాల సంగతి 2023లో బి.బి.సి. బయటపెట్టింది. ఆ పిల్లలను అడవి నుంచి తెచ్చే పద్ధతి నూరేండ్లనాటి వేటగాండ్ర పద్ధతే.

ఈ పరిస్థితిలో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘానికి చెందిన వానరశాస్త్రజ్ఞులు 2021లో ఛాయాచిత్రాలను గురించి నియమాలు ప్రకటించారు. మనిషి, వానరం ఒకే చిత్రంలో కనబడే పక్షంలో ఆ ఇద్దరి మధ్య కనీసం 7 మీటర్ల దూరం ఉండాలని, పిల్లను చేతులలో పట్టుకొన్న చిత్రాలను శాస్త్రజ్ఞులు కూడా ప్రచారంలో పెట్టరాదని అందులో ఉన్నది. ఈ 7 మీటర్లను మనం మొదట వేసుకొన్న లెక్కలో పెట్టి విద్యార్థులు చూడవచ్చు. 50 మిల్లీమీటర్ల కటకంతో 20 సెంటీమీటర్ల పిల్ల ప్రతిబింబం 1.4 మిల్లీమీటర్లు వస్తుంది. 400 మిల్లీమీటర్ల కటకంతో 11.4 మిల్లీమీటర్లు, అంటే 24 మిల్లీమీటర్ల ఎత్తు గల ఫిల్ము చట్రంలో దాదాపు సగం. తల్లి వేళ్లు, పిల్ల పిడికిలి, ఆ పిడికిలిలో చిక్కిన వెంట్రుకలు అన్నీ అందులో లెక్కపెట్టవచ్చు.